నాష్‌విల్‌లో పెద్దవాళ్లకి ఒక్క రోజు: ఏ టికెట్ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి

కంట్రీ సంగీతానికి, అంటే అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన పాటల బాణీకి, పేరున్న ఊరు నాష్‌విల్. దానికి ఒక్క రోజే కేటాయించారు, ఇద్దరూ అరవై దాటినవాళ్లు. అలాంటప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన టికెట్లు మూడే. పొద్దున కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం, దాంతో కలిపి అమ్మే ఆర్‌సీఏ స్టూడియో బి అనే పాత రికార్డింగ్ స్టూడియో టూర్, రాత్రికి గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ పాటల రేడియో షో. మధ్యలో బ్రాడ్‌వే వీధిలో ఓ గంటన్నర పాట వినాలి. దానికి టికెట్ లేదు, వాద్యకారులకి టిప్ ఇస్తే చాలు. ఇంతకు మించి ఏది ఇరికించినా సాయంత్రానికి మోకాళ్లు మొరాయిస్తాయి, ఓప్రీలో కునుకు పడుతుంది. ఈ ఊళ్లో అసలు చూడాల్సిందేమో ఆ ఓప్రీయే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే మన పెద్దవాళ్లు ఎక్కువమంది అట్లాంటా వైపు నుంచి కారులో వస్తారు. ఆ దారిలో ఒక తిరకాసు ఉంది. అట్లాంటా ఈస్టర్న్ టైములో, నాష్‌విల్ సెంట్రల్ టైములో నడుస్తాయి. చాటనూగా దాటాక గంట వెనక్కి జరుగుతుంది. ఫోన్ తనంతట తానే సర్దుకుంటుంది గాని నాన్నగారి చేతి గడియారం సర్దుకోదు. టైము రాసి ఉన్న టికెట్లన్నీ నాష్‌విల్ టైము ప్రకారమే. పొద్దున ఆరింటికి అట్లాంటాలో బయల్దేరితే నాలుగు గంటల ప్రయాణం తర్వాత కూడా నాష్‌విల్‌లో తొమ్మిదే అవుతుంది. వచ్చేటప్పుడు ఇలా కలిసొచ్చిన గంట వెళ్లేటప్పుడు పోతుంది. అందుకే ఓప్రీ చూసి అదే రాత్రి తిరిగి డ్రైవ్ చేయాలనుకోకండి. ఆ రాత్రికి ఓప్రీ హౌస్ దగ్గర్లో, మ్యూజిక్ వ్యాలీ డ్రైవ్ వైపు గది తీసుకుంటే, షో అయ్యాక ఊరు దాటి రావాల్సిన పని తప్పుతుంది.

జూన్‌లో సీఎంఏ ఫెస్ట్ అనే కంట్రీ సంగీతోత్సవం జరిగే రోజుల్లో మాత్రం పెద్దవాళ్లని తీసుకురావద్దు. గది దొరకదు, దొరికినా ధర మండుతుంది, బ్రాడ్‌వే మీద నిలబడే చోటు కూడా ఉండదు. ఏప్రిల్, అక్టోబరు హాయి. జులై, ఆగస్టుల్లో బయట మన కోస్తా జిల్లాల్లోలాంటి ఉక్క, లోపల ఏసీ చలి. అమ్మగారి చేతిసంచిలో శాలువా ఉండాలి. వారంలో ఏ రోజంటే, ఓప్రీ ఉన్న మంగళవారం మంచిది. శుక్ర, శనివారాల్లోనూ షో ఉంటుంది గాని, ఆ రెండు రోజులూ డౌన్‌టౌన్ నిండా పెళ్లికి ముందు సరదా చేసుకోడానికి వచ్చిన పెళ్లికూతురి స్నేహితురాళ్ల గుంపులే.

మ్యూజియం తొమ్మిదింటికి తెరుస్తారు. తొమ్మిదికే వెళ్లాలి, పదకొండు దాటితే స్కూలు పిల్లల బస్సులు, టూరు బస్సులు వచ్చేస్తాయి. డిమన్‌బ్రియన్ వీధి వైపు దిగితే కారు నుంచి తలుపు దాకా నడక తక్కువ. లోపలికి వెళ్లే ముందు ఆ భవనాన్ని ఓ నిమిషం తేరిపార చూడమనండి. కిటికీలు పియానో మెట్ల వరుసలా ఉంటాయి. పైనుంచి చూస్తే భవనం మొత్తం సంగీత లిపిలోని బేస్ క్లెఫ్ గుర్తు ఆకారం. పైన నిలబెట్టిన గోపురం, ఓప్రీని ప్రసారం చేసిన డబ్ల్యూఎస్‌ఎం రేడియో టవర్‌కి నకలు. ఈ భవనం తెరిచింది 2001లో, 2014లో బాగా పెంచారు. పెంచినప్పటి నుంచి ఒక్క పూటలో అంతా చూడ్డం ఎవరి తరమూ కాదు.

అసలు ప్రదర్శన పై అంతస్తులో మొదలై కిందికి దిగుతుంది. లిఫ్టులో నేరుగా మూడో అంతస్తుకి వెళ్లి, దిగుతూ చూసుకుంటూ రావాలి. కింద ఉన్నవి ముందు చూసి పైకెళ్తే కథ తలకిందులవుతుంది, శక్తీ పైకెక్కేసరికే అయిపోతుంది. రాతలు చిన్నవి, దీపాలు మసక. పాత బట్టల రంగు వెలిసిపోకుండా కావాలనే అలా పెడతారు. చదివే కళ్లద్దాలు కారులో వదిలేస్తే సగం టికెట్ వృథా. చక్రాల కుర్చీ కావాలంటే లోపలికి అడుగుపెట్టగానే కౌంటర్లో అడగండి. ముందు అడిగినవాళ్లకే దొరుకుతుంది.

లోపల అన్నిటి ముందూ ఆగక్కర్లేదు. గాయకులు వేదిక మీద వేసుకున్న కోట్ల దగ్గర ఆగండి. నూడీ కోన్ అనే దర్జీ కుట్టినవి ఉంటాయి. దూరం నుంచి తళుకులే కనిపిస్తాయి. అద్దానికి అడుగు దూరంలో నిలబడి చూస్తే, ఆ పూలు, గుర్రపు నాడాలు, ఎడారి మొక్కలు అన్నీ గొలుసుకుట్టుతో నింపినవని తెలుస్తుంది. చిన్నప్పుడు దిండు గలీబుల మీద గొలుసుకుట్టు వేసిన చేతులు ఆ పనితనాన్ని ఇట్టే పట్టేస్తాయి. కుట్టు ఎటు తిరిగిందో చూడండి. రేకు వంపుకి తగ్గట్టు వరుసలు వంగుతాయి, అందుకే దీపం పడ్డప్పుడు ఒక్కో రేకు ఒక్కోలా మెరుస్తుంది. కుట్టంతా అయ్యాకే రాళ్లు పొదుగుతారు. ఇదే నూడీ చేతిలో తయారైన, గాయకుడు వెబ్ పియర్స్ గారి 1962 పాంటియాక్ బానవిల్ కారు కూడా ఇక్కడే ఉంది. తలుపు పిడులు పిస్తోళ్లు, లోపల వెండి డాలర్లు, సీట్ల మధ్య గుర్రపు జీను. ఎల్విస్ ప్రెస్లీ 1960 కాడిలాక్ మరొకటి. మగవాళ్లని ఈ రెండు కార్ల దగ్గర్నుంచి కదపడం కష్టం, అందుకు పది నిమిషాలు ముందే లెక్కలో వేసుకోండి.

చివర్లో రోటండా అనే గుండ్రటి గది. హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైన ప్రతి ఒక్కరికీ ఒక కంచు ఫలకం. ఫలకాల్ని ఒక వరుసలో పెట్టలేదు. ఎవరూ ఒకరి కంటే ఎక్కువ కాదని కావాలనే చెదిరినట్టు అమర్చారు. 1961లో మొదటగా ఎంపికైన జిమ్మీ రోజర్స్, ఫ్రెడ్ రోజ్, హాంక్ విలియమ్స్ ఫలకాలూ అలా మధ్యలోనే ఎక్కడో ఉంటాయి. డిఫోర్డ్ బెయిలీ ఫలకం వెతకండి. ఓప్రీ తొలి రోజుల నుంచే హార్మోనికా వాయించిన నల్లజాతి కళాకారుడు ఆయన. 2005లో గాని ఆయనకి ఇక్కడ చోటివ్వలేదు. ఎప్పుడో ఇవ్వాల్సింది.

టికెట్ సంగతి. మ్యూజియం ఒక్కటే అయితే మనిషికి 30 డాలర్ల చుట్టూ, స్టూడియో బి కలిపితే ఇంకో 20 డాలర్ల పైచిలుకు. స్టూడియోకి వేరే టికెట్ లేదు, నేరుగా వెళ్తే తలుపు తీయరు. మ్యూజియం నుంచి బయల్దేరే బస్సులోనే వెళ్లాలి. బస్సులో సీట్లు పరిమితం, టైము టికెట్ మీదే ఉంటుంది. పెద్దవాళ్లకి పదకొండు ప్రాంతాల బస్సు సరైనది. రెండు గంటలు నిలబడి తిరిగాక ఓ పది నిమిషాలు బస్సులో కూర్చోవడం దొరుకుతుంది. బస్సు బయల్దేరే చోటు ముందే కనుక్కుని పావుగంట ముందు చేరండి. పై అంతస్తులో ఉండగా టైమైపోయి బస్సు తప్పిపోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు.

రెండిట్లో ఏది మేలంటే మ్యూజియం కంటే స్టూడియోకే నా ఓటు. 1957లో కట్టిన మామూలు ఇటుక భవనం, బయట్నుంచి గోదాములా ఉంటుంది. ఎల్విస్ 200కి పైగా పాటలు రికార్డు చేసింది ఇందులోనే. నేల మీద టేపుతో వేసిన ఒక గుర్తు ఉంటుంది, ఆ గదిలో గొంతు అన్నిటికంటే నిండుగా పలికే చోటది. గైడు అక్కడ నిలబడి మాట్లాడి, రెండడుగులు పక్కకి జరిగి మళ్లీ మాట్లాడితే తేడా తెలుస్తుంది. దీపాలార్పి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు బల్బులు వెలిగించి ఆ గదిలోనే రికార్డయిన పాట పెడతారు. ఏ గదిలో పుట్టిన పాటని ఆ గదిలోనే వినడమంటే, గోడల ప్రతిధ్వని రెండోసారి తోడవడం. కుర్చీలు తక్కువ కాబట్టి ముందుగా లోపలికి వెళ్లి, నిలబడలేమని గైడుకి చెప్పేయండి. వాళ్ల దక్షిణాది యాస పెద్దవాళ్లకి కష్టం, గైడుకి దగ్గరగా ఉంటే నయం.

గైడు చెప్పే వాటిలో ఒక మాట మనవాళ్లకి ఇంకాస్త బాగా ఎక్కుతుంది. ఇక్కడి వాద్యకారులు కార్డ్‌లని, అంటే ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపుల్ని, అంకెలతో రాసుకుంటారు. ఆధార శ్రుతి మీది కార్డ్ 1, నాలుగో స్వరం మీదిది 4, అయిదో స్వరం మీదిది 5. పాడేవాళ్లకి గొంతు అందకపోతే శ్రుతి దించుతారు, కాగితం మీద మాత్రం ఒక్క అంకె కూడా మారదు. షడ్జమం ఎక్కడ పెట్టుకున్నా మన సరిగమలు మారనట్టే. 1950ల చివర్లో జోర్డనేర్స్ బృందంలోని నీల్ మాథ్యూస్ జూనియర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒకే పూటలో మూడు నాలుగు పాటలు రికార్డు చేసే ఊళ్లో, గాయకుడి గొంతుని బట్టి అప్పటికప్పుడు శ్రుతి మార్చుకునే వీలు ఉండాలి మరి. సంగీతం నేర్చుకున్న అమ్మగారు పక్కనుంటే ఈ సంగతి ముందే చెవిన వేయండి.

భోజనం దగ్గర శాకాహారులు జాగ్రత్త. ఈ ఊరి పేరున్న భోజనం ‘మీట్ అండ్ త్రీ’: ఒక మాంసం, మూడు కూరలు. మాంసం మానేసి కూరలే నాలుగు పెట్టమంటే పెడతారు, దాన్ని వెజిటబుల్ ప్లేట్ అంటారు. పేరు చూసి మోసపోవద్దు. చిక్కుడు జాతి బీన్స్‌ని, టర్నిప్ ఆకుకూరని పంది మాంసం ముక్క వేసి గంటలకొద్దీ ఉడికించడం ఇక్కడి సంప్రదాయం. బిస్కట్ అనే మెత్తటి రొట్టెలో కూడా పంది కొవ్వు ఉండొచ్చు. ‘వెజిటేరియనా?’ అని అడిగితే అవుననే అంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది కూరే. ‘పోర్క్, బేకన్, లార్డ్ ఏమైనా వేశారా’ అని పేరుపేరునా అడగండి. మకరోనీ చీజ్, వేయించిన బెండకాయ, చిలగడదుంప తరచుగా గట్టెక్కిస్తాయి. ఒకే నూనెలో చికెన్ కూడా వేయిస్తారేమో అనే పట్టింపు ఉంటే బెండకాయా వద్దు. అంత ఇబ్బందెందుకంటే, బ్రాడ్‌వే అయిదో అవెన్యూ మూల మీదున్న అసెంబ్లీ ఫుడ్ హాల్‌కి వెళ్లండి. చాలా కొట్లు, ఎవరికి కావాల్సింది వాళ్లు తెచ్చుకోవచ్చు, లిఫ్టు, శుభ్రమైన బాత్రూములు, కూర్చోడానికి బల్లలు. బ్రాడ్‌వే మీద ఏమీ కొనకుండా బాత్రూమ్ దొరకడం కష్టం కాబట్టి ఆ పనీ ఇక్కడే ముగించండి. ధరల మీద దాదాపు 10 శాతం పన్ను, కూర్చోబెట్టి వడ్డించే చోట ఆ పైన టిప్పు. మెనూలో 15 అని ఉన్నది చేతి నుంచి 20 అయి పోతుంది.

మాంసాహారులు హాట్ చికెన్ తినకుండా ఉండలేరు. కారం మన ఆవకాయ కారం లాంటిది కాదు. కేయెన్ మిరపపొడి కలిపిన వేడి నూనెనే ముక్క మీద పూస్తారు, అందుకే నాలుక కంటే ముందు పొట్టకి తెలుస్తుంది. గుంటూరు వాళ్లమనే ధీమాతో పెద్దకారం తీసుకోవద్దు. సాయంత్రం షోలో రెండు గంటలు కూర్చోవాలి కదా, ‘మీడియం’ చాలు.

ఇక హాంకీటాంక్‌లు. అంటే బ్రాడ్‌వే మీద పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా పాట ఆగని బార్లు. పగటిపూట చాలావాటిలో ప్రవేశ రుసుము ఉండదు, మద్యం తాగాలన్న నియమమూ లేదు, కోక్ తీసుకుని కూర్చోవచ్చు. సాయంత్రం దాటాక 21 ఏళ్ల నిబంధన వస్తుంది, తల నెరిసినవాళ్లనైనా గుర్తింపు కార్డు చూపించమనడం మామూలే. పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. రాత్రి వెళ్తే కాలు పెట్టే చోటుండదు, మోత గుండెల్లో కొడుతుంది. మధ్యాహ్నం వాయించేవాళ్లు తక్కువవాళ్లేం కాదు, అదే స్థాయి. బ్యాండ్లు సాధారణంగా నాలుగేసి గంటల షిఫ్టుల్లో వాయిస్తాయి. మధ్యాహ్నం రెండింటి వేళ షిఫ్టు మారేటప్పుడు జనం లేస్తారు, ముందు బల్లలు ఖాళీ అవుతాయి, అప్పుడు వెళ్లి కూర్చోవాలి. బ్రాడ్‌వే నది వైపు పల్లం. అయిదో అవెన్యూ నుంచి కిందికి నడిచి, కింది నుంచే కారు ఎక్కాలి గాని తిరిగి పైకెక్కకండి. కారుని బ్రాడ్‌వే మీదికి పిలవద్దు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. ఒక వీధి పక్కకి నడిచి పిలవండి.

పెద్దవాళ్లకి రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్ సరిపోతుంది. గోడకి అరల నిండా బూట్లు, వాయించేది పాతకాలపు కంట్రీ. పేరున్న గాయకుల పేర్లతో కొత్తగా వచ్చిన అంతస్తుల బార్లలో రాక్ పాటలే ఎక్కువ, అవి మనకి దండగ. పెడల్ స్టీల్ వాయించే మనిషికి ఎదురుగా కూర్చోండి. బల్లలాంటి వాద్యం, ఎడమ చేతిలో తీగల మీద జార్చే ఉక్కు కడ్డీ, కుడి చేతి వేళ్లకి తొడుగులు, కింద పాదాలతో నొక్కే పెడళ్లు, అటూ ఇటూ మోకాళ్లతో నెట్టే లీవర్లు. పెడల్ నొక్కగానే ఒక తీగ బిగిసి స్వరం పైకి జారుతుంది, పక్క తీగ ఉన్నచోటే ఉంటుంది. కంట్రీ పాటలో వినిపించే ఆ ఏడుపు అక్కడిది. వీణ తీగ పక్కకి లాగి పలికించే గమకం ఎరిగినవాళ్లు ఆ పాదాల మీంచి చూపు తిప్పుకోలేరు. మనిషి ఒళ్లు మొత్తం వాయిస్తుంటే ముఖంలో మాత్రం కదలిక ఉండదు.

వాద్యకారుల రాబడిలో టిప్పులే ముఖ్యం. బకెట్ తిప్పినప్పుడు జంటకి 5 డాలర్లు తక్కువలో తక్కువ, గంట పైన కూర్చుంటే 10. పాట అడిగితే 20 వేయడం మర్యాద. చిల్లర నోట్లు ముందే దగ్గర పెట్టుకోండి. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లు లోపలికి వెళ్లే ముందే శబ్దం తగ్గించుకోవాలి, మిగతావాళ్లకి ఫార్మసీలో దొరికే చెవి బిరడాలు.

రైమన్ ఆడిటోరియం అక్కడికి అడుగుల దూరం. 1892లో చర్చిగా తెరిచిన ఎర్ర ఇటుక కట్టడం, 1943 నుంచి 1974 దాకా ఓప్రీకి ఇల్లు. పగలు టికెట్ కొని లోపల తిరగొచ్చు, కానీ అదే రోజు రాత్రి ఓప్రీ ఉంటే ఈ టికెట్ మానేయవచ్చని నా అభిప్రాయం, ఎందుకంటే నలభై నిమిషాల పనికి ఖరీదెక్కువ. చలికాలంలో కొన్ని ఓప్రీ షోలు మళ్లీ రైమన్‌లోనే పెడతారు. మీ తేదీ అందులో పడితే కళ్లుమూసుకుని కొనేయండి. అప్పుడు రెండు జాగ్రత్తలు: కూర్చునేవి చెక్క బెంచీలు, చిన్న దిండు వేసుకోనిస్తారేమో ముందే అడగండి. బాల్కనీ కింద వెనక వరుసల్లో స్తంభాలు అడ్డొస్తాయి, బాల్కనీ ముందు వరుసలు మేలు.

బార్‌లో అడుగుపెట్టడం ఇష్టం లేనివాళ్లు ఆ గంటన్నరా సెంటెనియల్ పార్కులోని పార్థినాన్‌కి వెళ్లొచ్చు. 1897 ప్రదర్శన కోసం ఏథెన్స్ ఆలయం కొలతల్లోనే కట్టి, తర్వాత కాంక్రీటుతో మళ్లీ కట్టింది. లోపల బంగారు పూతతో 42 అడుగుల అథీనా విగ్రహం. లిఫ్టు ఉంది. గర్భగుడి ముందు నిలబడ్డ అలవాటు ఉన్నవాళ్లకి ఆ ఎత్తు తట్టుతుంది.

ఎక్కడ కావాలంటే అక్కడ దిగి మళ్లీ ఎక్కే ట్రాలీ బస్సు టికెట్ ఈ రోజుకి అక్కర్లేదు. మొత్తం చుట్టు గంటన్నర, దిగితే మళ్లీ ఎండలో ఎదురుచూపు.

మూడు నుంచి అయిదు దాకా గదిలో పడుకోండి. ఇది సలహా కాదు, ఈ రోజు మొత్తానికి ఆధారం.

ఓప్రీ హౌస్ డౌన్‌టౌన్ నుంచి దాదాపు పది మైళ్లు. షో ఏడింటికైతే ఆరుంబావుకల్లా అక్కడుండాలి. పక్కనే ఓప్రీ మిల్స్ మాల్, ముందు వస్తే కూర్చోడానికి పనికొస్తుంది. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, మందులు చిన్న పర్సులో. సీట్లు మెత్తవి. మెట్లు దిగలేనివాళ్లు బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పాలి. షో రెండు గంటలు, కళాకారులు ఒక్కొక్కరు రెండు మూడు పాటలు పాడి దిగిపోతారు. ఒకరు నచ్చకపోతే పది నిమిషాల్లో ఇంకొకరు. మధ్యలో అనౌన్సర్ ప్రకటనలు చదువుతాడు. విసుక్కోకండి, 1925 నుంచి ఇది రేడియో కార్యక్రమం, మీరు కూర్చున్నది ప్రసారం లోపల. పాత ఆకాశవాణి కచేరీలకి ఆహ్వానం మీద వెళ్లినవాళ్లకి ఆ వాతావరణం వెంటనే పట్టుబడుతుంది.

వేదిక మధ్యలో రంగు తేడాగా ఉన్న గుండ్రటి చెక్క చూడండి. 1974లో రైమన్ వదిలి వచ్చేటప్పుడు అక్కడి వేదిక నుంచి కోసి తెచ్చుకున్న ఆరడుగుల ముక్క. 2010 మేలో వరదకి ఈ వేదిక మునిగింది, ఆ ముక్కని ఆరబెట్టి, బాగుచేసి మళ్లీ అక్కడే బిగించారు. కొత్తగా వచ్చిన గాయకులు పాడే ముందు కిందికి, తమ కాళ్ల వైపు చూసుకుంటారు. వాళ్ల చూపు ఆ చెక్క మీదే.

షో అవగానే లేవకండి. వేలమంది ఒక్కసారిగా కార్లు పిలిస్తే రేటు ఆకాశంలో ఉంటుంది, పెద్దవాళ్లు చీకట్లో నిలబడాలి. ఓ ఇరవై నిమిషాలు లోపలే కూర్చుని, బాత్రూమ్ చూసుకుని బయటికి రండి. కారు ఎక్కే చోటుకి బాణం గుర్తులుంటాయి, తలుపు దగ్గర కారు రాదు, కొంత నడక తప్పదు. కాఫీ దుకాణాలు మూసేసి ఉంటాయి గనక, పెరుగన్నం డబ్బా గదిలోని ఫ్రిజ్‌లో మధ్యాహ్నమే పెట్టి రావాలి.